కెరటాల యాప్‌కి ఏడాది చందా కట్టాక: కళింగపట్నం దరి నుంచి

యాప్ పేరు రాయడం లేదు. పొగిడినా తిట్టినా వాళ్లకే ప్రచారం. సముద్రం మీద గాలి, కెరటాల ఎత్తు చూపించే విదేశీ యాప్ అనుకోండి, అలాంటివి చాలానే ఉన్నాయి. ఏడాదికి 1,499 రూపాయలు కట్టాను. గడువు పోయిన వారం అయిపోయింది. మళ్లీ కట్టాలా వద్దా అని మా చుట్టాల్లో ముగ్గురు ఇప్పటికే అడిగారు. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నాను.

మాకు ఒక ఫైబర్ పడవ ఉంది. మా బావగారు నడుపుతారు, ఇంకో నలుగురు ఎక్కుతారు. దరి మీద పని నాది. ఐస్ తెప్పించడం, తూకం, వేలం లెక్క, డీజిల్ బాకీ అన్నీ నేనే చూసుకుంటాను. ఇంటర్ దాకా చదివాను కాబట్టి ఇంట్లో ఇంగ్లిష్‌లో వచ్చిన ప్రతి కాగితం నా ముందుకే వస్తుంది. ఈ యాప్ కూడా అలాగే నా నెత్తిన పడింది. రాత్రి అన్నాలయ్యాక మావయ్య మంచం మీంచే అడుగుతారు: "ఏటమ్మా, నీ పోనేటి సెప్తంది?" నేను చదివి చెప్పాలి. తెల్లారగట్ల మూడింటికి పడవ తోస్తారు. అంటే నేను చెప్పే మాటకి అయిదుగురి కూలీ, డీజిల్, ఒక్కోసారి ప్రాణం కూడా ముడిపడి ఉంటాయి.

ముందు చూడగానే బాగుంటుంది, అది ఒప్పుకోవాలి. మ్యాప్ మీద రంగులు కదులుతుంటాయి. మీటరు లోపు ఆకుపచ్చ, ఆ పైన పసుపు, రెండున్నర దాటితే ఎరుపు. అడుగులు, నాట్‌లలో వస్తుంది, సెట్టింగ్స్‌లో మీటర్లకి మార్చుకోవాలి. తెలుగు లేదు. సిగ్నల్ లేకపోతే పాత మ్యాప్ కూడా చూపించదు, కాబట్టి పడవలోకి తీసుకెళ్లి లాభం లేదు. ఇవన్నీ చిన్న లోపాలే, వీటికి నేను మార్కులు తగ్గించను.

నాకు కోపం తెప్పించింది మార్చి ఆఖరి వారంలో జరిగిన సంగతి.

ముందు రోజు రాత్రి చూశాను. మా ఊరి దగ్గర 0.8 మీటర్లు, ఆకుపచ్చ. గాలి లేదు. మావయ్యకి అదే చెప్పాను. పొద్దున ఎనిమిదింటికి పడవ తిరిగొచ్చేసరికి వంశధార మొగకి, అంటే ఏరు సముద్రంలో కలిసే చోటుకి, ఈ పక్క నేను ఐస్ పెట్టెలతో నిలబడి ఉన్నాను. ఆకు కూడా కదలడం లేదు. సముద్రం లోపల అద్దంలా ఉంది. దరి దగ్గర మాత్రం కెరటం లేచి, ఒక్క క్షణం అలా ఆగి, గోడ కూలినట్టు పడుతోంది. పడితే కాలి కింద ఇసుక అదురుతోంది. పడ్డాక చాలాసేపు ఏమీ లేదు. ఇంక ఆగిపోయింది అనుకుంటే మళ్లీ ఒకటి. బావగారు బయట ఆగి, రెండు పెద్దవి పోనిచ్చి, మూడోదాని వెనకాల ఇంజిన్ పెంచారు. నాలుగోది వెనక నుంచి పట్టుకుంది. పడవ ముక్కు ఇసుక వైపు ఉన్నది ఉన్నట్టే అడ్డంగా తిరిగిపోయింది. బోల్తా పడలేదు, అదే అదృష్టం. రెండు వలలు పోయాయి, 40 కిలోల దాకా కానాగంతలు నీళ్లపాలయ్యాయి, బావగారి భుజం జారింది. ఆ రోజు ఒడ్డున మా అత్త నన్నొక మాట అనలేదు. అంటే బాగుండేది.

ఇంటికొచ్చి ఫోన్ తీసి చూస్తే ఇంకా 0.8, ఇంకా ఆకుపచ్చ.

మా ఆడపడుచు కొడుకు విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీలో వాతావరణం, సముద్ర శాస్త్రం చదువుతున్నాడు. వాడికి ఫోన్ చేసి నాలుగు తిట్టాను, వాడే కదా ఈ యాప్ గురించి చెప్పింది. వాడు నవ్వి, "అత్తా, మూడో ట్యాబ్ తెరువు" అన్నాడు. తెరిస్తే స్వెల్ అని, అంటే దూరాన ఎక్కడో పుట్టి నడిచొచ్చే కెరటం, వేరే ఉంది, దాని పక్కన 16 సెకన్లు అని ఉంది. ముందు పేజీలో ఎత్తు, రంగు తప్ప ఈ సెకన్ల సంగతే లేదు. డబ్బు కట్టినవాళ్లకి కూడా రెండు సార్లు వేలు జరిపితే గానీ కనపడదు.

ఆ సెకన్లే అసలు సంగతి. ఒక కెరటం తల మన ముందు నుంచి వెళ్లాక రెండో తల రావడానికి పట్టే సమయం అది. ఇక్కడి గాలికి ఇక్కడే లేచిన కెరటానికి అయిదారు సెకన్లు ఉంటుంది. లోతు నీళ్లలో 6 సెకన్ల కెరటం పొడవు, అంటే ఒక తల నుంచి రెండో తలకి దూరం, 56 మీటర్లు. 16 సెకన్లదైతే దాదాపు 400 మీటర్లు. పొడవులో సగం లోతుకి వచ్చేసరికి కెరటానికి అడుగు నేల తెలియడం మొదలవుతుంది. చిన్నది 28 మీటర్ల లోతు దాకా తన దారిన తాను వస్తుంది, పెద్దది 200 మీటర్ల లోతు నుంచే నేలని తడుముకుంటూ వస్తుంది. అలా వస్తూ వస్తూ వేగం తగ్గి, వెనకది ముందుదాని మీదకి కూడుకుని పైకి లేస్తుంది. లోపల రెండూ 0.8 మీటర్లే. దరి దగ్గర విరిగేటప్పుడు మొదటిది మీటరు అటూ ఇటూ, రెండోది మీటరున్నర. మావాడు ఈ లెక్క కాగితం మీద వేసి ఫోటో పంపాడు. ఆ కాగితం ఇప్పటికీ ఫోన్లో ఉంది.

ఆ కెరటం ఎక్కడి నుంచి వచ్చిందో కూడా వాడే వెనక్కి జరిపి చూపించాడు. ఆస్ట్రేలియాకీ ఆఫ్రికాకీ మధ్య, బాగా కింద, 40 డిగ్రీల దక్షిణం దాటాక, వారం కిందట ఒక పెద్ద తుపాను గాలి వీచింది. 16 సెకన్ల కెరటాల గుంపు గంటకి 45 కిలోమీటర్లు నడుస్తుంది. మన పల్లెవెలుగు బస్సు వేగం. కాకపోతే ఇది ఏ స్టాపులోనూ ఆగదు. రోజుకి వెయ్యి కిలోమీటర్లు పైనే వేసుకుని, బంగాళాఖాతం కింద తలుపు తీసే ఉంటుంది కాబట్టి నేరుగా మా దరికి వచ్చి పడింది. అందుకే గాలి లేకుండా కెరటం. కేరళలో దీన్నే కళ్లక్కడల్ అంటారట, అంటే దొంగ సముద్రం. మా దగ్గర ప్రత్యేకంగా పేరేమీ లేదు. మావయ్య మాత్రం ఆ రోజు, "గాలి నేదు, మబ్బు నేదు, మరిదేటి ఇలగ లెగుస్తంది" అని పదిసార్లు అన్నారు.

యాప్ వాళ్లకి మెయిల్ పెట్టాను. రెండు రోజులకి మర్యాదగానే జవాబు వచ్చింది. మా అంకెలు లోతు సముద్రానికి, తీరంలో విరిగే కెరటాలకి కాదు అన్నారు. ఆ మాట ముందు పేజీ మీద రాయండి అని మళ్లీ పెట్టాను. దానికి జవాబు లేదు.

ఇంకో సంగతి నాకు ఈ గొడవ తర్వాతే తెలిసింది. 0.8 అంటే ప్రతి కెరటం 0.8 కాదు. దాన్ని సిగ్నిఫికెంట్ వేవ్ హైట్ అంటారు. మన పనిలో చెప్పాలంటే బుట్టలో 90 చేపలున్నాయి, పెద్దవి ఏరి 30 పక్కన పెట్టి, ఆ 30కి సగటు కడితే వచ్చే అంకె అది. ఆ ముప్పైలో ఉన్న అన్నిటికంటే పెద్దది సగటుకి దగ్గర దగ్గర రెట్టింపు ఉండొచ్చు. కాబట్టి యాప్ 2 మీటర్లు అంటే ఆ పూటలో ఎక్కడో ఒకటి నాలుగు మీటర్ల దరిదాపుల్లో ఉందనే అనుకోవాలి. రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యాన్ని ఒడ్డుకి దింపడానికి స్వెర్‌డ్రుప్, మంక్ అనే ఇద్దరు ఈ లెక్క పద్ధతి మొదలుపెట్టారట. అంటే పుట్టిందే పడవలని ఒడ్డుకి చేర్చడం కోసం! ఈ సంగతి విన్నాక యాప్ వాళ్ల మీద కోపం ఇంకాస్త పెరిగింది.

ఇక వాళ్లు ఎక్కువ డబ్బు గుంజేది దేనికంటే, పాత లెక్కలకి. "మీ తీరంలో 1940 నుంచి కెరటాల చరిత్ర" అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. మా ఇంట్లో ఎక్కువ గొడవ జరిగింది దీని మీదే, ఎక్కువ సరదా కూడా దీనితోనే.

మావయ్య మాట ఏంటంటే, తన కుర్రతనంలో సముద్రం ఇలా ఉండేది కాదు, ఇప్పుడు పొగరెక్కింది. సాక్ష్యం కూడా ఉంది. నేను కోడలిగా వచ్చినప్పుడు ఉన్న పాత ఇంటి జాగాలో ఇప్పుడు వలలు ఆరబెడుతున్నాం, పెద్ద పోటుకి అది కూడా తడుస్తోంది. సరే చూద్దామని గ్రాఫ్ తీశాను. ఏడాదికేడాది రంపం పళ్లలా పైకీ కిందకీ ఉంది. మధ్యలో వాళ్లు గీసిన గీత చూస్తే, ఎడమ నుంచి కుడికి పెన్సిల్ మందం కూడా లేచినట్టు లేదు. మావయ్య కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూసి, "ఇది మన సముద్రం కాదు" అనేశారు.

తమాషా ఏంటంటే ఆయన మాటలో నిజం ఉంది.

ఒక రోజు కళింగపట్నం మీద కాకుండా పొరపాటున భావనపాడు మీద వేలు నొక్కాను. రెండు ఊళ్ల మధ్య ముప్పై కిలోమీటర్లకి పైనే. చరిత్ర ట్యాబ్‌లో పాయింటు తర్వాత అంకెలతో సహా మొత్తం ఒకటే! అప్పుడు కింద చీమ తలకాయంత అక్షరాలతో ఉన్నది చదివాను. ఆ సమాచారం ఈఆర్‌ఏ5 అనే దానిలోనిది. యూరప్ వాతావరణ కేంద్రం వాళ్లు పాత గాలి కొలతలు, ఉపగ్రహాలు, ఓడల రిపోర్టులు అన్నీ కంప్యూటర్ మోడల్‌లో పోసి, గంటగంటకీ సముద్రం ఎలా ఉండి ఉంటుందో తిరిగి కట్టారు. మంచి పనే, ప్రపంచమంతా వాడుతోంది. కానీ సముద్రాన్ని గళ్లుగా విడగొట్టి గడికో అంకె ఇస్తారు, కెరటాలకి ఆ గడి అర డిగ్రీ, అంటే 55 కిలోమీటర్లు. ఒక గడిలో మొగ, దిబ్బ, లైట్‌హౌస్, రెండు మూడు మండలాలు అన్నీ కలిపి ఒకే అంకె. పైగా ఆ సమాచారం ఎవరైనా ఉచితంగా దింపుకోవచ్చు. పెళ్లిలో పంచిన తాంబూలాన్ని వీధి చివర కొట్లో పెట్టి అమ్మినట్టు ఉంది వీళ్ల పని.

తిత్లీ తుపానుని పెట్టి చూశాను. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది. ఆ రాత్రి మా ఇంటి రేకులు ఎగిరిపోయిన చప్పుడు నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. గ్రాఫ్‌లో ఆ తేదీ మీద ముల్లు అయితే ఉంది, పొట్టి ముల్లు. తుపాను నడిబొడ్డులో గాలి కొన్ని పదుల కిలోమీటర్ల చుట్టులోనే తిరుగుతుంది. పెద్ద గడిలో పడితే ఆ పదును అరిగిపోతుంది, గాలి తగ్గితే దాని వెంట కెరటమూ తగ్గుతుంది. అందుకని ఈ చరిత్ర చూసి, మా ఊరికి అతి పెద్ద కెరటం ఇంతే అని ఎవరైనా గోడ కట్టుకుంటే ఇల్లు మునుగుతుంది.

1940 మాట కూడా జాగ్రత్తగా వినాలి. అప్పట్లో మా ఎదురుగా సముద్రంలో కెరటం ఎత్తు కొలిచింది ఎవరు? కెరటాల ఎత్తుని ఏళ్ల తరబడి ఆపకుండా కొలిచే ఉపగ్రహాలు 1990లలో కుదురుకున్నాయి. మన ఇస్రో, ఫ్రాన్స్ కలిసి పంపిన సరళ్ 2013 ఫిబ్రవరిలో శ్రీహరికోట నుంచే వెళ్లింది. ముందు సగం అంతా మోడల్ ఊహ, వెనక సగంలో కొలత కలిసింది. ఈ రెండింటినీ ఒకే గీతలో అతికించి "ఎనభై ఏళ్ల ధోరణి" అని చూపిస్తే, గీత లేచినా లేవకపోయినా అది సముద్రం వల్లా, కొలిచే చెయ్యి మారినందుకా అని అడగాలి కదా. యాప్‌లో ఆ హెచ్చరిక ఒక్క ముక్క లేదు.

అలాగని కెరటాలు మారలేదని కాదు. 1985 నుంచి 2018 దాకా ఉపగ్రహాల కొలతలు కలిపి ఇయాన్ యంగ్, ఆగస్టీనస్ రిబాల్ 2019లో లెక్క తేల్చారు. అంటార్కిటికా చుట్టూ ఉన్న దక్షిణ మహాసముద్రంలో పెద్ద కెరటాల ఎత్తు 30 సెంటీమీటర్లు, అంటే 5 శాతం పెరిగిందని. మా ఇంటి ముందు మార్చిలో పడవని తిప్పేసిన కెరటం పుట్టింది ఆ దిక్కునే. మావయ్యకి ఈ సంగతి చెబితే "నాను సెప్పలేదా" అన్నారు. ఆయన చెప్పింది ఇది కాదు, అయినా ఊరుకున్నాను. ఒడ్డు కోతకి కెరటం ఒక్కటే కారణం కాదని మావాడు అంటాడు. మన తీరంలో ఇసుక ఏడాది మొత్తం మీద నైరుతి నుంచి ఈశాన్యానికి నడుస్తుంది, దారిలో ఎక్కడ రాళ్లు అడ్డం పెట్టినా అవతలి ఊరికి ఇసుక తగ్గుతుంది. విశాఖ పోర్టు దగ్గర ఆగిన ఇసుకని తవ్వి ఆర్‌కే బీచ్‌లో పోస్తారు కదా, అది అందుకే.

యాప్ బదులు ఏం చూడాలని అడిగేవాళ్లకి: హైదరాబాద్ ప్రగతినగర్‌లో ఇన్‌కాయిస్ ఉంది, సముద్రం సమాచారం ఇచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ. సముద్రానికి ఆఫీసు సముద్రమే లేని ఊళ్లో పెట్టారని మా బావగారు ఎప్పుడూ నవ్వుతారు. కెరటాల అంచనా, పెద్ద కెరటాల హెచ్చరిక, స్వెల్ హెచ్చరిక వాళ్లు ఉచితంగా ఇస్తారు. నాకు అన్నిటికంటే పనికొచ్చింది వాళ్ల బోయాలు. వేవ్ రైడర్ అంటారు, గొలుసుతో కట్టి నీళ్ల మీద తేలనిచ్చే పసుపు రంగు గుండు. కెరటంతో పాటు లేచి దిగుతూ ఎంత లేచిందో, ఎన్ని సెకన్లకి లేచిందో లోపలి యంత్రం లెక్క కడుతుంది. మాకు దక్షిణాన విశాఖ దగ్గర ఒకటి, ఉత్తరాన గోపాల్‌పూర్ దగ్గర ఒకటి పెట్టారు. రెండింటి అంకెలూ చూసి మధ్యలో మాకు ఎంతుంటుందో నేనే వేసుకుంటాను. ఇది ఊహ కాదు, నీళ్లలో నిజంగా కొలిచింది. అందుకే మన పడవలవాళ్లకి ఒక మాట: గుండుకి పడవ కట్టకండి, వల తగిలితే గొలుసు కోసేయకండి. అది ఆగిపోతే గుడ్డివాళ్లమయ్యేది మనమే.

ఇప్పుడు నేను చూసే పద్ధతి ఇది. ముందు సెకన్లు. 12 దాటితే ఎత్తు ఎంత తక్కువున్నా బావగారికి విడిగా చెబుతాను. తర్వాత దిక్కు. ఎత్తు ఆఖరున చూస్తాను. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా ఎలాగూ నైరుతి కెరటాలతో సముద్రం ఎత్తుగానే ఉంటుంది, అప్పుడు అందరూ జాగ్రత్తగానే ఉంటారు. మోసం చేసేది జనవరి నుంచి ఏప్రిల్ 15న వేట నిషేధం మొదలయ్యేదాకా ఉండే ఆ మెత్తని సముద్రమే.

మార్కులు. మా దరి కోసమైతే అయిదుకి రెండు. చరిత్ర ట్యాబ్‌కి ఒకటి, అది కూడా మావయ్యతో కబుర్లకి పనికొచ్చినందుకు. లోతు సముద్రానికి మాత్రం నాలుగు. గాలికీ కెరటానికీ అడ్డం లేని చోట ఈ మోడళ్లు బాగానే చెబుతాయి, మూడు నాలుగు రోజుల ముందు కూడా.

ఆ నాలుగు ఎలా ఇచ్చానంటారా? మా ఆయన ఆగస్టులో వేరావల్ వెళ్లాడు. గుజరాత్ బోట్లలో ఇక్కడివాళ్లు ఎంతమంది ఉన్నారో మీకు చెప్పక్కర్లేదు. ఒకసారి బయల్దేరితే పదిహేను ఇరవై రోజులు ఒడ్డుకి రారు, లోపల సిగ్నల్ ఉండదు. తిరిగొచ్చాక ఫోన్ చేసినప్పుడు, ఫలానా రెండు రోజులు ఊగిపోయాం అని చెబుతాడు. నేను ముందే తేదీలు రాసి పెట్టుకుంటున్నాను. ఇప్పటికి నాలుగు ట్రిప్పులు పోల్చి చూశాను, ఒక్క పూట తేడాతో మ్యాప్ సరిపోయింది. బోటు ఎక్కడుందో తెలియదు గానీ, ఉన్న చోట సముద్రం ఎలా ఉందో తెలుస్తుంది.

ఉచిత రకంలో ఒక్క ఊరే పెట్టుకోనిస్తారు. రెండో ఊరు కావాలంటే చందా కట్టాలి. నిన్న రాత్రి కట్టాను, అత్తకి చెప్పకుండా.